మేడ నేల కింద దూలం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల పాత వీధుల్లో ఇంకా నిలిచి ఉన్న మిద్దె ఇళ్ళలో చాలావాటికి పైన ఒక మేడగది ఉంటుంది. ఆ గది నేలను ఒక తరం వాళ్ళు గచ్చు చేయించి ఉంటారు, తరవాతి తరం వాళ్ళు దాని మీదే బేతంచెర్ల బండలు పరిపించి ఉంటారు, ఈ తరం వాళ్ళు ఆ బండల మీద టైల్స్ అతికించి ఉంటారు. కింది గదిలో తలెత్తి చూస్తే ఒకప్పుడు దూలాలూ, వాటి మీద అడ్డంగా వేసే సన్నని దంతెలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకొనేలా కనిపించేవి. ఇప్పుడు వాటిని ఫాల్స్ సీలింగ్ కప్పేసింది. ఇనప బీరువాను మేడ మీదికి చేర్చాలన్నా, 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టాలన్నా, గదికి మధ్యలో అడ్డగోడ కట్టాలన్నా ముందుగా తెలియవలసింది ఆ నేలను మోస్తున్న దూలం సరిగ్గా ఎక్కడ ఉన్నదనే సంగతి. నేలను పగలగొట్టకుండా దానిని కనుక్కోవడానికి మార్గాలు ఉన్నాయి, కానీ వాటిలో ఏదీ ఒంటరిగా నమ్మదగినది కాదు. వేర్వేరు దారుల్లో దొరికిన మూడు ఆనవాళ్ళు ఒకే గీత మీదికి వచ్చినప్పుడే అక్కడ దూలం ఉందని రాసుకోవాలి.

ఇందుకు కావలసిన సామాను కొంచెమే. కొలత టేపు, రసమట్టం (స్పిరిట్ లెవెల్), సుద్దముక్క, దారానికి కట్టిన గుండు, కొయ్య సుత్తి, టార్చిలైటు, గళ్ళ కాగితం, తోడుగా మరొక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే సగం పరీక్షల్లో ఒకరు పైన, ఒకరు కింద ఉండవలసి వస్తుంది.

ముందుగా పైకప్పు ఏ రకమో తేల్చుకోవాలి

రాయలసీమలో ఒకే వీధిలో నాలుగైదు రకాల పైకప్పులు కనిపిస్తాయి, ఒక్కొక్క దానిలో బరువు ఒక్కొక్క దారిలో గోడకు చేరుతుంది. మట్టి మిద్దెలో పెద్ద దూలాలు గది వెడల్పుకు అడ్డంగా, అంటే తక్కువ దూరం ఉన్న వైపున, గోడ నుంచి గోడకు పోతాయి. వాటి మీద అడ్డదిశలో దంతెలు, దంతెల మీద కట్టెలూ ఆకూ, ఆ పైన మట్టి, అన్నిటికన్నా పైన వాన నీరు దిగకుండా చౌడు మట్టి ఉంటాయి. గది ఇరుకైనదైతే దూలమే ఉండకపోవచ్చు, దంతెలే గోడ నుంచి గోడకు పోతాయి. బండల మిద్దెలో కట్టెలకూ ఆకుకూ బదులు దంతెల మీద నేరుగా నాపబండలు పరుస్తారు. పట్నపు ఇళ్ళలో కనిపించే మద్రాస్ టెర్రస్‌లో దంతెలు దగ్గరదగ్గరగా ఉండి, వాటి మీద నిలువు ఇటుకలను సున్నంతో పేర్చి ఉంటారు. కొన్ని ఇళ్ళలో కొయ్య స్థానంలో ఇనప గర్డర్లు, వాటి మధ్య రాతి బండలు లేదా ఇటుక కమానులు ఉంటాయి. ఇక చివరిది అందరికీ తెలిసిన సిమెంటు స్లాబు.

ఏ రకమో తెలియకపోతే మెట్ల దగ్గర చూడాలి. మెట్లు మేడలోకి తెరుచుకొనే చోట నేల అంచు తెగి ఉంటుంది, అక్కడ పొరలు వరుసగా బయటపడతాయి. సున్నం పూత మీద పూత పడి మూసుకుపోయినా, ఒక మూల గోరుతో గీకితే మట్టో ఇటుకో కొయ్యో తెలిసిపోతుంది. పాత ఇళ్ళలో గాలికీ వెలుతురుకీ పైకప్పులో వదిలిన రంధ్రం, అంటే గవాచి, ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే దానిని ఎప్పుడూ రెండు దంతెల మధ్య ఖాళీలోనే పెడతారు. గవాచికి రెండు పక్కలా దంతెలు ఉన్నట్టే లెక్క.

కింది నుంచి వెతకడం

నేల కింద ఉన్నదాని గురించి తెలుసుకోవడానికి మొదట చూడవలసింది నేలను కాదు, దాని అడుగు భాగాన్ని. ఫాల్స్ సీలింగ్ ఉంటే లైటు బిగించిన రంధ్రం దగ్గర, మెయిన్ స్విచ్ కట్టేసిన తరవాతే, దీపాన్ని కిందికి దించి ఆ సందులోంచి ఫోను కెమెరాను టార్చి వెలుగుతో పైకి పంపించి వీడియో తీయాలి. ఒక నిమిషం వీడియోలో దూలం దిశ, దంతెల మధ్య దూరం, కొయ్య రంగు కూడా కనిపిస్తాయి. ఫాల్స్ సీలింగ్‌ను వేలాడదీసిన కమ్మీలు కూడా ఒక సాక్ష్యమే, ఎందుకంటే కొయ్య మిద్దెలో మేకుకు పట్టు దొరికేది దంతెకు గానీ దూలానికి గానీ మాత్రమే.

ఆ తరవాత అడగవలసింది ఇంట్లో పెద్దవాళ్ళను. "ఉయ్యాల ఎక్కడ కట్టేవాళ్ళు? తొట్టెల కొక్కెం ఏ దూలానికి ఉండేది? మొదటి ఫ్యాను ఎక్కడ తగిలించారు?" అనే మూడు ప్రశ్నలకు వచ్చే జవాబు చాలాసార్లు ఏ యంత్రం చూపించే గీతకన్నా నమ్మకమైనది. ఉయ్యాల గొలుసును దంతెకు కట్టే సాహసం ఎవరూ చేయరు.

బయటి గోడను కూడా ఒకసారి చుట్టి రావాలి. వసారా వైపు దూలం కొసలు గోడ దాటి బయటికి వచ్చి ఉండవచ్చు. లోపలే ఆగిపోయిన చోట గిలాబు (గోడ పూత) కాస్త ఉబ్బినట్టు గానీ, నిలువు పగులు గానీ ఉంటుంది. కింది అంతస్తులో కొయ్య స్తంభం గానీ రాతి స్తంభం గానీ ఉంటే, దాని తల మీదుగా దూలం పోతున్నదని నిశ్చయంగా చెప్పవచ్చు. వాకిలి నడిమి మీద మాత్రం పాత మేస్త్రీలు సాధారణంగా దూలం కొసను ఆనించరు.

కింది కొలతను పైకి తేవడం

ఎక్కువమంది తప్పు చేసేది ఈ చోటనే కాబట్టి దీనిని వివరంగా చెప్పవలసి ఉంది. కింది గదిలో తూర్పు గోడ నుంచి దూలానికి ఆరడుగులు ఉన్నదని కొలిచి, పైకి వెళ్ళి మేడ తూర్పు గోడ నుంచి ఆరడుగులు కొలిచి గుర్తు పెడితే, ఆ గుర్తు దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. పాత మిద్దెల్లో కింది గోడ రెండడుగుల మందం ఉంటే, మేడ గోడను బరువు తగ్గించడానికి ఒక అడుగో, 9 అంగుళాలో మందంతో కడతారు, అది కూడా బయటి అంచుకు సమంగా. అందువల్ల మేడ గది కింది గదికన్నా ఒక్కొక్క వైపున ఒక అడుగో, అంతకన్నా ఎక్కువో వెడల్పుగా ఉంటుంది, కొలత మొదలుపెట్టిన గోడ ముఖమే జరిగిపోయి ఉంటుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. ప్రొద్దుటూరులో మా మేనత్త గారి ఇంటి మేడ మీదికి ఇనప బీరువా ఎక్కించవలసి వచ్చినప్పుడు, బండల మిద్దెలో బండ కొసలు దంతె మీద కలుస్తాయనే అరకొర జ్ఞానంతో, మేడ నేల మీది నాపబండల సందును చూసి దాని కిందే దూలం ఉన్నదని తీర్మానించి సుద్దతో గీత గీశాను. గోడ నుంచి కొలిస్తే కూడా రెండు మూడంగుళాల తేడాతో అక్కడికే వచ్చింది, దాంతో నా నమ్మకం ఇంకా పెరిగింది. సాయంత్రం వచ్చిన ముసలి మేస్త్రి ఆ గీతను చూసి నవ్వాడు. "సందు పైబండది నాయనా, దూలం కింద గోడది. పైబండకు కిందేముందో తెల్దు," అన్నాడు. మెట్ల సందులోంచి గుండు వదిలి కొలిస్తే దూలానికీ నా గీతకూ మధ్య 14 అంగుళాలు తేలింది. నా రెండు ఆనవాళ్ళూ తప్పే, రెండూ కాకతాళీయంగా ఒకేచోట కలిశాయి. పైకప్పుగా వేసిన మొదటి బండల సందు దంతె మీద పడుతుందన్న మాట నిజమే. కానీ ఆ తరవాత మట్టి పోసి, సున్నం వేసి, దాని మీద పరిచిన రెండో వరుస బండల సందుకు కింది దంతెతో ఏ సంబంధమూ లేదు. టైల్స్ సంగతి చెప్పనే అక్కరలేదు.

కాబట్టి గోడను వదిలిపెట్టి, రెండు అంతస్తులకూ ఉమ్మడిగా ఉండే ఒక బిందువును ఎంచుకోవాలి. మెట్ల తెరిపి అంచు, గవాచి, నేలను దాటి కిందికి దిగే నీళ్ళ గొట్టం, ఒకే నిలువులో ఉన్న కిటికీల్లోంచి బయటికి వేలాడదీసిన గుండు దారం ఇందుకు పనికివస్తాయి. ఆ బిందువు నుంచి కింద దూలం రెండు అంచులకూ దూరం కొలిచి కాగితం మీద వేసుకోవాలి, నడిమికి కొలవకూడదు. పాత దూలం చెక్కిన మాను, దాని వెడల్పు ఒక కొసన 8 అంగుళాలుంటే మరో కొసన 10 ఉండవచ్చు, మధ్యలో కొంచెం వంకర కూడా ఉండవచ్చు. అందుకే రెండు కొసల దగ్గరా, మధ్యలోనూ కలిపి కనీసం మూడు చోట్ల కొలవాలి. ఉమ్మడి బిందువులు రెండు దొరికితే రెండింటి నుంచీ కొలిచి సరిచూసుకోవాలి.

పైనుంచి తట్టి, తొక్కి చూడడం

కొయ్య సుత్తితో నేలను తడుతూ పోతే దూలం ఉన్నచోట శబ్దం బిగుతుగా, ఖాళీలో బోలుగా వినిపిస్తుందని అందరూ చెబుతారు. అయితే ఇది పలుచని నేలకే వర్తిస్తుంది. అడుగు మందం మట్టి, దాని మీద గచ్చు, బండ, టైలు ఉన్న నేలలో మట్టి ఆ శబ్దాన్ని మింగేస్తుంది. పైగా టైలు కింద సిమెంటు పూర్తిగా పట్టకపోతే దూలం నడినెత్తిన కూడా డొల్ల శబ్దమే వస్తుంది. ఒకరు పైన అడుగడుగుకూ తడుతూ ఉంటే మరొకరు కింద నిచ్చెన మీద నిలబడి అరచేతిని దూలానికి గానీ, అది ఆనిన గోడకు గానీ ఆనించి ఉంచడం మంచి పద్ధతి. దెబ్బ దూలం మీదికి వచ్చినప్పుడు ఆ అదురు చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

కొయ్య మిద్దెకు ఇంకొక పరీక్ష ఉంది. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోపుడబ్బాలోంచి చిటికెడు ఆవాలు వేసి నేల మీద పెట్టాలి. దానికి రెండడుగుల దూరంలో ఒకరు మునివేళ్ళ మీద లేచి మడమలను ఒక్కసారిగా దించాలి. రెండు దూలాల నడుమ పళ్ళెం ఉంటే ఆవాలు చెల్లాచెదురుగా దొర్లుతాయి. పళ్ళేన్ని జరుపుతూ దూలం మీదికి తెస్తే అదే దెబ్బకు కొంచెం కదిలి ఊరుకుంటాయి. దూలం పొడవునా గోడకు దగ్గరవుతున్నకొద్దీ అవి మరింత తక్కువ కదులుతాయి. ఒకే మనిషి, ఒకే దూరం నుంచి, ఒకే తీరున మడమ దించితేనే ఈ పోలికకు విలువ ఉంటుంది. సిమెంటు స్లాబు మీద ఇది పనిచేయదు, అక్కడ ఆవాలు ఎక్కడా పెద్దగా కదలవు.

పగుళ్ళను కూడా చదవవచ్చు. అనేక టైల్స్ మీదుగా, సందులతో నిమిత్తం లేకుండా, గోడకు సమాంతరంగా సూటిగా పోయే సన్నని పగులు తరచుగా దూలం గీతనే చూపిస్తుంది. దూలానికి అటూ ఇటూ నేల కొంచెం కిందికి వంగినప్పుడు దూలం నెత్తిన ఉన్న పైపొర సాగి చిట్లుతుంది కాబట్టి అలా జరుగుతుంది. మూల నుంచి ఏటవాలుగా పోయే పగులుకు వేరే కారణాలు ఉంటాయి, దానిని ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

యంత్రాల గురించి నాకు పెద్ద ఆశలు లేవు. గోడలో కొయ్యను గుర్తించడానికి అమ్మే చిన్న పరికరాలు ఒకటిన్నర అంగుళం లోతు దాటితే తడబడతాయి, మన నేల పొరల మందం దానికి ఎన్నో రెట్లు. తడి నేల మీద అవి ఎక్కడ పెట్టినా కూస్తాయి. బలమైన అయస్కాంతం కింది నుంచి దంతె మేకులను పట్టుకోగలదు గానీ పైనుంచి దానివల్ల ప్రయోజనం లేదు. గర్డర్ల మిద్దెకు మాత్రం లోహాన్ని పసిగట్టే పరికరం అక్కరకు వస్తుంది.

సిమెంటు స్లాబు ఇళ్ళలో

స్లాబు ఇంట్లో వెతకవలసింది దూలాన్ని కాదు, బీమును. స్తంభాలతో కట్టిన ఇంట్లో బీములు స్తంభం నుంచి స్తంభానికి పోతాయి, వాటి వెడల్పు సాధారణంగా గోడ మందమంత, అంటే 9 అంగుళాలు ఉంటుంది కాబట్టి చాలావరకు కింది గోడల నెత్తినే దాక్కుంటాయి. హాలు మధ్యలో పోయే బీము స్లాబు కిందికి దిగి కనిపిస్తుంది. అలా దిగకుండా స్లాబు మందంలోనే కలిపేసిన కన్సీల్డ్ బీము ఉంటే కంటికి దొరకదు. ఇల్లు కట్టిన ఇంజనీరు వేసిన స్ట్రక్చరల్ డ్రాయింగ్ కావాలి, లేదా ఇనుమును పసిగట్టే కవర్ మీటరు ఉన్న మనిషిని పిలవాలి. స్తంభాలే లేకుండా గోడల మీద ఆనించిన స్లాబు అయితే ఆ గోడలే ఆధారం, వాటిలో ఏదీ తీసివేయడానికి వీలైనది కాదు.

స్లాబు మందం మామూలు ఇళ్ళలో 4 నుంచి 6 అంగుళాలు. గది పొడవు వెడల్పుకు రెట్టింపు దాటితే ముఖ్యమైన కమ్మీలు వెడల్పు వైపునే పోతాయి, దాటకపోతే రెండు వైపులా బరువు మోస్తాయి. పైనుంచి బోల్టు కోసం రంధ్రం చేసేటప్పుడు టైలు మందం, దాని కింది సిమెంటు మందం లెక్కగట్టి డ్రిల్లు బిట్టుకు ఆ లోతు దగ్గర టేపు చుట్టాలి. కరెంటు పైపులు స్లాబులోనే పోతుంటాయి కాబట్టి కింది గది ఫ్యాను పెట్టె నుంచి స్విచ్ బోర్డు వైపు ఊహించుకున్న గీత మీద రంధ్రం చేయకూడదు.

కింది అంతస్తు నేల సంగతి వేరు. అక్కడ టైల్స్ కింద ఉన్నది నింపిన మట్టి. పునాది మట్టంలో వేసే ప్లింత్ బీములు సాధారణంగా గోడల కిందే ఉంటాయి. కర్నూలు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో తడికి ఉబ్బి ఎండకు కుంగే గుణం వల్ల మధ్యలో నేల దిగబడి, బీము ఉన్నచోట మాత్రం ఎత్తుగా నిలిచిపోతుంది. గది అడ్డంగా పొడవైన రసమట్టం పెట్టి చూస్తే, గోడ లేని చోట కూడా ఒక గీత వెంట నేల ఎత్తుగా తేలితే దాని కింద బీము ఉన్నట్టు అనుమానించాలి.

దొరికిన తరవాత

దూలం ఉన్నచోటు తెలియడం, దాని బలం తెలియడం రెండూ ఒకటి కావు. ఐ.ఎస్. 875 అనే భారతీయ ప్రమాణం నివాస గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువును లెక్కలోకి తీసుకొమ్మంటుంది. 500 లీటర్ల ట్యాంకు చదరపు మీటరుకు మించని చోట 500 కిలోల నీళ్ళను నిలబెడుతుంది, అంటే దానికి రెండున్నర రెట్లు. పాత మిద్దెలు ఏ లెక్కా లేకుండా మేస్త్రి అనుభవంతో కట్టినవి, కాబట్టి ట్యాంకు వంటి బరువుకు గోడ నెత్తి తప్ప గది నడుమ సరైన చోటు లేదు. బీరువాను కూడా గోడకు ఆనించి, దంతెలకు అడ్డంగా వేసిన రెండు దళసరి పలకల మీద నిలబెట్టాలి. అప్పుడు నాలుగు కాళ్ళ బరువును నాలుగైదు దంతెలు పంచుకుంటాయి.

దూలం గోడలో దిగే కొసను సన్నని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడకుండా ఏ బరువూ పెట్టకూడదు. గోడ తడికీ చెదలకూ మొదట లోనయ్యేది ఆ కొసే, నడుము ఎంత గట్టిగా ఉన్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదలో మునిగిన కర్నూలు పాతబస్తీ ఇళ్ళ విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. మొన అర అంగుళం మించి మెత్తగా దిగినా, తట్టినప్పుడు పొడి రాలినా, అక్కడితో ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

ఆనవాళ్ళు మూడూ కలిసినా ఇంకా అనుమానం ఉంటే, టైల్స్ సందులో 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి నెమ్మదిగా చేసి, బిట్టుకు అంటి వచ్చే పొడిని పొరపొరకూ తెల్లకాగితం మీద దులపాలి. సున్నం తెల్లగా, మట్టి ఎర్రగానో బూడిద రంగుగానో వచ్చిన తరవాత పీచుతో కూడిన కొయ్యపొట్టు పలుచని కట్టెల మందం దాటినా వస్తూనే ఉంటే అక్కడ దంతె గానీ దూలం గానీ ఉన్నట్టు. మట్టీ కట్టెలూ దాటగానే బిట్టు ఒక్కసారిగా జారితే అది ఖాళీ, రంధ్రాన్ని వెంటనే సిమెంటుతో మూసేయాలి.

చివరగా, గుర్తులను నేల మీద వదిలేయకూడదు. టైల్స్ మార్చిన రోజున అవి పోతాయి. దూలం రెండు అంచులూ గోడను తాకే చోట స్కర్టింగ్ మీద పెయింటుతో చిన్న గీతలు పెట్టి, పక్కనే మెట్ల తెరిపి అంచు నుంచి ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలో రాయాలి. గళ్ళ కాగితం మీద వేసిన పటానికి ఫోటో తీసుకొని, అసలును ఇంటి దస్తావేజులతో పాటే భద్రపరచాలి.